చక్కెర మీద అక్షరం

పొయ్యి పొగకు కళ్లు మండుతున్నా శివకుమారి జల్లెడ ఆపలేదు. ఏడో నెల కడుపు అడ్డం రాకుండా ఎడమకాలు చాపుకుని, కాస్త పక్కకు ఒరిగి ఊపుతోంది. ఇసుక కిందికి రాలుతోంది, వేడి బొరుగులు పైన మిగులుతున్నాయి. కల్లూరులోని ఈ బొరుగుల బట్టీలో పొగంటే ఆమెకు ఇష్టం. ఇక్కడ ఎంత ఏడ్చినా ఎందుకని ఎవరూ అడగరు.

మూడో నెల నుంచీ ఆ ఏడుపు ఉంది. కారణం తెలీదు, నిద్ర పట్టదు. ఒక్క మొగుడికే చెప్పుకుంది. "బిడ్డ పుడతాదంటే సంతోసం రాలేదప్పా. శానా భయమైతాండాది." షేర్ ఆటో తోలే వీరభద్ర తల నిమిరి, "నేనుండాను గదా" అన్నాడు. నమ్మింది, వెర్రిది!

పెళ్లికి ముందు బొరుగుల మూటలకని అతను ఈ బట్టీకే వచ్చేవాడు. కుప్పపోసిన ఇసుక మీద వేలితో 'శి' అని రాసిపోయేవాడు, గుడిని పాము పడగలాగా తిప్పి. అతనికి బాగా రాయడం వచ్చిన అక్షరం అదొక్కటే.

ఇప్పుడు కడుపుతో పాటు చక్కెర జబ్బు వచ్చింది. "చక్కెర తినందే ఒంట్లోకి చక్కెర యాడనుంచి వస్తాది?" అని అత్త సుంకమ్మ తీర్పు చెప్పేసింది. ఆ ఇంట్లో తినే చక్కెరకూ, జబ్బుకూ ఒకటే మాట మరి! శివకుమారి టీ మానేసింది, కొర్రన్నం తింటోంది. అయినా తగ్గలేదు.

పని దిగాక మొగుడితో ఆసుపత్రికి పోయింది. నర్సు నాగలక్ష్మమ్మ వేలు పొడిచి చూసి మొహం చిట్లించింది.

"ఇంకా తగ్గల్యా. నిద్ర పడతాండాదా పాపా? దిగులేమన్నా ఉండాదా?"

శివకుమారి నోరు తెరిచేలోగా వీరభద్ర అందుకున్నాడు. "దిగులేముంటాది మేడం? బాగానే నిద్రపోతాది. దొంగతనంగా తీపి తింటాండాది, అంతే."

ఆమె అతని వైపు చూసింది. అతను గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు.

"తినకున్నా పెరుగుతాదప్పా," అంది నర్సు. "నిద్రల్యాక, దిగులు పెట్టుకుంటే చక్కెర ఎక్కుతాది. అది ఎక్కితే మనసు ఇంకా కుంగుతాది. ముందు ఆయమ్మిని మాట్లాడనీ."

ఏం మాట్లాడుతుంది? "మాయమ్మను పిల్చుకోనొస్తా మేడం," అని మాత్రం అంది.

ఇంటికి రాగానే అతను అలవాటు కొద్దీ టీ పెట్టమన్నాడు. పాలు పొంగాయి. చక్కెర డబ్బా మూత తీసింది. చెంచా పట్టుకున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది.

చదును చేసిన చక్కెర మీద వేలితో రాసిన 'శి'. గుడి పాము పడగలాగా తిరిగి ఉంది. ఎవరైనా చక్కెర తీస్తే చెరిగి, దొంగ దొరకాలని! అత్త గీత గీసి ఉంటే తిట్టుకుని ఊరుకునేది. ఎంత ద్రోహం! తన అక్షరాన్నే తనకు కాపలా పెట్టాడు.

మూత పెట్టేసింది. టీ గ్లాసు అతని ముందుంచి, మాత్రలు, రెండు చీరలు సంచిలో సర్దుకుంది.

"యాడికి?"

"మాయమ్మ కాడికి. మంత్రాలయం బస్సుండాది."

"ఇప్పుడేమైందని?"

"నీకొక్కనికే గదప్పా చెప్పుకునింది. అంతా తెల్సుండీ, బాగుండాదంటివి."

ఆమె చెప్పులేసుకుని గడప దిగింది. వెనక్కి తిరిగి చూడలేదు.

కాసేపటికి అతను టీ గుటకేశాడు. చప్పగా ఉంది. విసుక్కుంటూ లేచి డబ్బా మూత తీశాడు. చక్కెర మీద 'శి' తను రాసినట్టే ఉంది, ఒక్క పలుకు కూడా చెదరలేదు.