వేడికి పొట్టిదైన కడ్డీ

వేడి చేస్తే దాదాపు ప్రతి వస్తువూ కాస్తో కూస్తో సాగుతుంది. ఎంత సాగిందో వెంట్రుక మందంలో వందో వంతు దాకా కొలవడమే ఆమె ఉద్యోగం. మంటకు సాగని, పగలని పింగాణీ తయారుచేయాలని ఏడాదిగా తంటాలు పడుతోంది. రెండు ఖనిజాల పొడులను పాళ్లు మార్చి మార్చి కలిపేది. వాటిని చిటికెనవేలంత కడ్డీలుగా కాల్చి ఇచ్చేది ఆమె వదిన. ఇంట్లో అన్నయ్య భార్య, ప్రయోగశాలలో ఫర్నేసు చూసే మనిషి. ఇప్పటికి నలభై కడ్డీలయ్యాయి. అన్నీ బుద్ధిగా సాగాయి.

నలభై ఒకటోదాన్ని మంగళవారం పొద్దున్నే కొలత యంత్రంలో పెట్టారు. వేడి ఎక్కేకొద్దీ తెరమీద గీత పైకి పోవాలి. అది చక్కా కిందికి దిగింది.

“వదినా! ఇది పొట్టిదవుతోంది!”

“నీ బుర్ర వేడెక్కింది. వైరు తిరగేసి పెట్టుంటావ్, చూడు.”

వైర్లు సరిగానే ఉన్నాయి. కడ్డీ తీసేసి ఉక్కు ముక్క పెట్టి చూశారు. అది ఎప్పటిలాగే సాగింది. అంటే యంత్రంలో తప్పులేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఒకరినొకరు తోసుకుంటూ పెద్దసారు గదికి పరుగెత్తారు.

సారు మొదట నమ్మలేదు. “చల్లారాక మళ్లీ మొదటి పొడవుకి వచ్చిందా?” అన్నారు.

ఆ సంబరంలో ఆ సంగతి ఇద్దరూ చూడనేలేదు.

“సరిగ్గా కాలని కడ్డీ కూడా వేడికి కుంచించుకుంటుందమ్మా. కాకపోతే అది అలాగే ఉండిపోతుంది.”

వదిన మొహం మాడిపోయింది. “నేను అరకొరగా కాల్చానంటారా సార్?”

“నేననను. కడ్డీ చెప్తుంది.”

మళ్లీ పెట్టారు. గీత మళ్లీ దిగింది. వేడి ఆపేసి ముగ్గురూ మూడు స్టూళ్లు లాక్కుని కూర్చున్నారు. భోజనం డబ్బాలు విప్పిన పాపాన పోలేదు. వదిన గోళ్లు కొరుకుతోంది. మరదలు అంకెలు పైకి చదువుతోంది. నాలుగొందల డిగ్రీలు. మూడొందలు. గీత మెల్లగా తల ఎత్తింది. రెండొందలు. ఇంకా ఎక్కింది. సాయంత్రం నాలుగింటికి కడ్డీ గది వేడికి చల్లారేసరికి, గీత బయల్దేరిన చోటికే వచ్చి ఆగింది.

“ఇంకోసారి పెట్టండి,” అన్నారు సారు.

“ఇంకా అనుమానమా సార్?”

“అనుమానం తీరిపోయింది. ఇది సరదాకి!”

వదిన మరదలిని నడుం పట్టి ఎత్తి గిర్రున తిప్పింది. స్టూలు దబ్బున పడింది. నిప్పంటుకుందేమోనని పక్క గదివాళ్లు నీళ్ల బకెట్టుతో పరుగెత్తుకొచ్చారు. సంగతి తెలిశాక బకెట్టు కింద పెట్టి వాళ్లూ తెరముందు నిలబడ్డారు. వదిన భర్తకి ఫోను చేసింది.

“ఏవండీ, కుంచించుకుపోయింది!”

“అయ్యో, ఏది, నా ఉన్ని చొక్కానా?”

వదినకి నవ్వు ఆగలేదు. ఫోను లాక్కుని సంగతి చెప్పబోయిన చెల్లెలికీ అంతే. అవతల అన్నయ్య చొక్కా కోసం కంగారుపడుతూనే ఉన్నాడు.

మర్నాడే మొదలుపెట్టి అవే పాళ్లతో కొత్తగా మూడు కడ్డీలు చేశారు. మూడూ కుంచించుకున్నాయి, చల్లారాక మూడూ తిరిగొచ్చాయి. సాగే పొడిని ఈ కుంచించుకునే దానితో కొలిచి కలిపితే ఒకటి సాగినంత మేర రెండోది తగ్గుతుంది. వాళ్లకు కావలసిన పింగాణీకి దారి దొరికింది.

నెలాఖరుకి పరిశోధన పత్రం రాసినప్పుడు ఆమె తన పేరు పక్కనే వదిన పేరూ పెట్టింది.

“నేను కాల్చి ఇచ్చానంతేగా!” అంది వదిన.

“సరిగ్గా కాల్చావు. లేకపోతే ఇదంతా ఎక్కడిది?”

వదిన ఆ కాగితం పట్టుకుని బయటికి నడిచింది. కాసేపటికి వరండాలోంచి ఆమె గొంతు వినిపించింది. ఎదురైన ప్రతివాళ్లనీ ఆపి, తన పేరున్న వరుసను గట్టిగా చదివి వినిపిస్తోంది.