అత్తగారి మీద పడిన వాసన

నేను ఒక కారుని. రంగు తెలుపు అని కాగితాల్లో రాసుంది గానీ, గోదావరి జిల్లాల దుమ్ము తిని తిని ఇప్పుడు గంజి రంగుకొచ్చాను. ఎక్కడో తమిళదేశపు ఫ్యాక్టరీలో పుట్టి, లారీ మీద వరసగా కట్టేస్తే ఏలూరు చేరాను. అక్కడ నన్ను కొన్నది ఒక పళ్ల డాక్టరుగారు. ఏసీ వేస్తే పెట్రోలు తాగేస్తానని ఆయనకు భయం. రోహిణీకార్తెలో కూడా అద్దాలు దించుకుని చెమటలు కక్కుతూ తిరిగేవాడు. ఆయన తరవాత పెళ్లిళ్ల వీడియోలు తీసే ఒకాయన చేతికొచ్చాను. ఆయనకి ఏసీ ఆపడమంటే ఏమిటో తెలీదు. బిర్యానీ పొట్లాలు, వాడిపోయిన మల్లెదండలు, తాగి నిద్రపోయే పెళ్లివారి బంధువులు, అన్నీ నా సీట్లమీదే.

మూడో యజమాని గంగరాజు. తాడేపల్లిగూడెంలో చీరల కొట్టు. మంచివాడే. కొట్లో బేరాలప్పుడు నవ్వినంత సులువుగా ఇంట్లో నవ్వలేడు, అంతే. ఎండ తగలకూడదని నన్ను ఇంటిముందు కానుగచెట్టు నీడలో నిలబెట్టేవాడు. ఆ ప్రేమకి నేనేమీ అనలేను గానీ, ఆ చెట్టు పూలు అటుకుల్లా నామీద రాలి, ముందద్దం కింద ఉన్న సందుల్లోంచి లోపలికి జారిపోయేవి. ఎవరికైనా చెప్పుకుందామంటే నాకున్నది హారను ఒక్కటే. అదీ వాళ్లు నొక్కితేనే పలుకుతుంది.

వానలు మొదలయ్యేసరికి ఏసీ వేస్తే చాలు, మాసిన తడిగుడ్డ మూటకట్టి మరిచిపోయినట్టు వాసన. గంగరాజు ముక్కు మూసుకుని ఆలోచించాడు. తన కారు, తన బుద్ధి రెండూ శుభ్రమైనవే కాబట్టి నేరం ఇంకెవరిదో అయ్యుండాలి. దొరికింది అత్తగారు వరహాలమ్మ. ఆవిడది నరసాపురం. కూతురికి ఇష్టమని, వచ్చినప్పుడల్లా ఎండు నెత్తళ్లు సంచినిండా తెస్తుంది.

ఒకనాడు నరసాపురంలో ఆవిడ నాలోకి ఎక్కి కూర్చోగానే గంగరాజు అనేశాడు. "ఆ సంచి ఇక్కడే ఎవరికైనా ఇచ్చేయండి అత్తయ్యగారూ. మీ చేపల కంపు కారుని వదలట్లేదు."

ఆవిడ ఒళ్లో ఉన్న సంచి మూతి ఇంకా గట్టిగా ముడేసింది. తలుపు తీసుకుని నెమ్మదిగా దిగింది. "సంచి ఒక్కటే ఎందుకులెండి అల్లుడుగారూ, నేనూ దిగిపోతాను. బస్సుకి ముక్కుండదు" అంది. గంగరాజు పిలిచేలోగానే బస్టాండు వైపు నడిచిపోయింది. ఆవిడకి కళ్లు సరిగ్గా ఆనవు. రోడ్డు దాటేటప్పుడు రెండుసార్లు తడబడింది. అది చూసి నా వైపర్లు కూడా బిగుసుకుపోయాయి.

అసలు చిక్కు ఆ కళ్లతోనే వచ్చింది. రాజమండ్రిలో శుక్లాల ఆపరేషనుకి రోజు ఖాయమైంది. కూతురు నాగదుర్గ ఫోను చేస్తే, "వెళ్లేదీ వచ్చేదీ బస్సులోనేనమ్మా" అని తల్లి భీష్మించుకుంది. కోసిన కంటితో, దుమ్ములో, బస్సులో!

నాగదుర్గ మొగుణ్ణి ఒక్క మాట అనలేదు. అన్నం పెట్టేది, కూర్చోమనేది కాదు. గంగరాజు వాసన పోగొట్టే పనిలో పడ్డాడు. సీట్లు సబ్బుతో తోమించాడు. కర్పూరం పెట్టాడు. నిమ్మకాయలు కోసి పెట్టాడు. చివరికి అద్దం దగ్గర సంపంగి సెంటుసీసా వేలాడదీసి, పెళ్లాన్ని ఎక్కించుకుని ఏసీ వేశాడు. ఇప్పుడు మురుగుకాలవలో సంపంగి తోట వేసినట్టు ఉంది.

నాగదుర్గ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని అడిగింది. "మా అమ్మ ఎక్కడ దాక్కుందండీ? వెనక సీట్లోనా, డిక్కీలోనా?"

గంగరాజు బ్రేకు తొక్కాడు. నన్ను పక్కకి తీసి ఆపాడు. దిగబోతూ నాగదుర్గ, "ఇదేంటండీ, కాలి కింద పట్టా తడిగా ఉంది?" అంది. ఇద్దరూ పట్టా ఎత్తి చూశారు. కింద చిన్న మడుగు. నేరుగా ఏసీ మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లి, ముందు సీటుకి ఎదురుగా కాగితాలు పెట్టుకునే అర ఊడదీయించారు. దాని వెనకాల గాలి వడకట్టే జల్లెడ ఉంటుంది. బయటికి లాగితే జల్లెడ కనబడలేదు. కుళ్లిన కానుగపూలు, ఆకులు, వాటిమధ్య ఎలక కట్టుకున్న దూదిపడక! నీళ్లు బయటికి పోయే గొట్టం కూడా అదే చెత్తతో మూసుకుపోయింది. నీళ్లన్నీ లోపలే నిలిచి మురుగుతున్నాయి.

"చేపముక్క ఏమైనా దొరికిందా?" అంది నాగదుర్గ.

"ఇంక చాల్లేవే," అన్నాడు గంగరాజు. చాలా రోజులకి నవ్వాడు కూడా.

గొట్టం ఊదించాడు. ఏసీలో గాలిని చల్లబరిచే రేకులకి మురికి వదిలే నురగమందు కొట్టించాడు. కొత్త జల్లెడ వేయించి, పట్టాలు ఎండలో పరిచి, నా నాలుగు తలుపులూ బార్లా తెరిచి ఉంచాడు. నాకు మళ్లీ ఊపిరాడింది. నన్ను కానుగచెట్టు నుంచి గోడ పక్కకి మార్చాడు కూడా.

ఆపరేషను నాడు తెల్లవారగానే నరసాపురంలో వరహాలమ్మ గుమ్మం ముందు నిలబడ్డాం. కొట్లో అన్ని మాటలు చెప్పే గంగరాజు, అక్కడ చేతులు కట్టుకుని సూటిగా అనేశాడు. "అత్తయ్యగారూ, వాసన మీది కాదండి. నా కారులో ఎలక కాపురం పెట్టింది. నేను మిమ్మల్ని అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది."

ఆవిడ అతని మొహం దగ్గరగా వచ్చి, ఆనని కళ్లతో పరీక్షగా చూసింది. "ఎలక ఏమైంది?"

"పారిపోయిందండి."

"పాపం, పిల్లలున్నాయేమో," అంటూ వచ్చి ముందు సీట్లో కూర్చుంది.

ఆపరేషను బాగా జరిగింది. తిరుగుదారిలో నల్లద్దాలు పెట్టుకుని, అద్దాలెత్తిన చల్లదనంలో హాయిగా కునుకు తీసింది. తాడేపల్లిగూడెంలో మా ఇల్లు దగ్గరపడుతుంటే గంగరాజు ఏసీ ఆపి, ఫ్యాను మాత్రం ఉంచాడు. ఆవిడ మెలకువొచ్చి, "చల్లగాలి ఎందుకాపారు?" అంది.

"దిగేముందు కాసేపు ఉత్తగాలి తిప్పితే లోపలి తడి ఆరిపోతుందటండి. మళ్లీ వాసన పట్టదట."

వీధి మలుపు వచ్చింది. గుమ్మంలో నాగదుర్గ ఎదురుచూస్తోంది. వరహాలమ్మ సీట్లో ఇంకాస్త వెనక్కి వాలింది.

"అయితే ఇప్పుడే దిగితే ఎలా? బాగా ఆరాలిగా. ఊరంతా ఒక చుట్టు తిప్పండి."

గంగరాజు స్టీరింగు తిప్పేశాడు. గుమ్మంలోంచి "ఏవండీ, ఎక్కడికీ!" అన్న కేక మాకు వెనకబడిపోయింది. నేను అప్పటికే ఆరిపోయాను. ఆ సంగతి చెప్పడానికి నాకు నోరు లేకపోవడం ఆ ఒక్కపూట ఎంత మేలనిపించిందో!