ఫోనులో పది, ఊళ్లో నాలుగు

సైన్సు పాఠం మధ్యలో మీజా వచ్చి కిటికీ దగ్గర నిలబడింది. సముద్రంలో నాచు పెంచే మనిషి. కట్టుకున్న గుడ్డలు నీళ్లు కారుతున్నాయి, నెత్తిన తడి మూట కూడా దించలేదు.

"టీచరమ్మా, పసుపు గౌను పిల్ల మీ చెల్లెలే కదూ?"

ఐకా చేతిలో సుద్దముక్క ఆగింది. బోర్డు మీద సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరసలో ఉన్నాయి. అమావాస్యకు సూర్యచంద్రులు కలిసి లాగుతారు, అందుకే సముద్రం మామూలుకన్నా దూరం వెనక్కి పోతుంది, మళ్లీ అంత జోరుగానూ వచ్చి పడుతుంది అని అప్పుడే చెప్పింది.

"అవును, ఏషి. ఏమైంది?"

"పగడపు దిబ్బ మీదికి పోయింది. మేమంతా ఒడ్డుకొస్తుంటే అది ఎదురెళ్లింది. నీళ్లు తిరిగాయి, రావే తల్లీ అంటే నవ్వింది. పదింటిదాకా పోతూనే ఉంటాయట. మా అక్క సైన్సు టీచరు, మీకేం తెలుసు అంది. చెయ్యి పట్టుకుని లాగితే విదిలించుకుని పోయింది."

"పదింటికా? పది ఎప్పుడో..." అని ఐకా సగంలో ఆగిపోయింది.

ఈ దేశంలో గంటలు పొద్దుతోపాటు పుడతాయి. తెల్లారి గంట గడిస్తే ఒంటిగంట, పొద్దు నడినెత్తికొస్తే ఆరు. ఫోనుకు ఆ మర్యాద తెలియదు, అది అర్ధరాత్రి నుంచి లెక్క పెడుతుంది. అందులో పది అంటే ఊళ్లో నాలుగు. బుద్ధెరిగిన ప్రతివాడూ ఫోను చూసి, ఆరు తీసేసి నోటితో చెబుతాడు. ఐకా మాత్రం రోజంతా ఇంగ్లీషులో పాఠాలు చెప్పి చెప్పి, పొద్దున బడికి పరుగెడుతూ, ఫోనులో కనబడిన అంకెనే చెల్లెలికి మెసేజ్ కొట్టింది. 'నీళ్లు పూర్తిగా తీసేది 10కి. ముందే దిగి నడువు, భయం లేదు.' సెలవులకని మొన్ననే కిలిమంజారో కొండ ఊరి నుంచి వచ్చిన ఏషి దాన్ని ఊరి లెక్కన పొద్దు వాలే పది అనుకుంది. ఆ తేడా ఆరు గంటలు. ఈ సముద్రానికి ఖాళీ అయినది నిండడానికి పట్టేదీ అంతే.

ఇప్పుడు ఊళ్లో ఏడు దాటింది, నీళ్లు తిరిగి మూడు గంటలు. పోటు నడిమి గంటల్లోనే నీళ్లు అన్నిటికన్నా వేగంగా లేస్తాయని కిందటి వారమే పిల్లల చేత వల్లె వేయించింది ఐకా. ఆ చదువంతా ఇప్పుడు ఆమె పీక పట్టుకుంది.

ఒడ్డుకు ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. చెప్పులు దారిలో ఎక్కడో పోయాయి. ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయింది. దూరంగా దిబ్బ మీద పసుపు చుక్క కనబడింది. దిబ్బకూ ఒడ్డుకూ మధ్యనున్న లోతు పాయ అప్పటికే నిండిపోయింది. ఏషి కొండపిల్ల, ఏట్లో మోకాలి లోతు దాటి దిగి ఎరగదు.

"మకామే బాబాయ్! పడవ! పడవ తియ్యి!"

వల బాగుచేసుకుంటున్న మకామే తలెత్తాడు. "ఇసుకలో ఉన్న పడవను ఎక్కడికి తియ్యమంటావమ్మా? నీళ్లు ఇక్కడికి రావాలంటే ఇంకో గంట..." అంటూనే దిబ్బ వైపు చూశాడు. "అల్లా! ఎవరది?"

"నా చెల్లెలు. ఈత రాదు బాబాయ్. నీ కాళ్లు పట్టుకుంటాను."

"కాళ్లు కాదు, పడవ పట్టుకో!"

పడవ తేలాలంటే నీళ్లు రావాలి, వచ్చే ప్రతి అడుగూ ఏషిని ముంచాలి. రమ్మనాలో వద్దనాలో తెలియక ఐకా పిచ్చిదానిలా పడవ మీద పడి తోసింది. అది కదలలేదు. మీజా నాచు మూట ఇసుకలో పారేసి కేకలు పెడితే ఆడవాళ్లంతా పరుగున వచ్చారు.

"ఏడుపు తర్వాతమ్మా, ముందు భుజం పెట్టు!" అని మీజా కసిరింది. "ఆ పిల్లకు రెండు తగిలించాల్సింది నేను. చెయ్యి వదిలేశాను చూడు, నా బుద్ధి గడ్డి తినా!"

ఐకా అరచేతులు చీరుకుపోయాయి. తల్లికి ఏం చెప్పాలి? అంకె తప్పు పడిందని చెప్పాలా? పడవ అడుగు నీళ్లకు తగిలేసరికి దిబ్బ కనబడటం మానేసింది. పసుపు రంగు కూడా కనబడలేదు.

"లేదు... బాబాయ్, అది లేదు!"

"నోరు ముయ్యమ్మా! అలల్లో తల కనబడదు. నీళ్లు తోడు!"

మకామే గెడ వేశాడు. మీజా పడవ ముందు నిలబడి పేరు పెట్టి అరుస్తూనే ఉంది. జవాబు లేదు. ఐకా నీళ్లు తోడటం మరిచిపోయి, తాను పుట్టినందుకే తనను తిట్టుకుంది.

మకామేకే ముందు కనబడింది. దిబ్బ అంచున నాచు తాళ్లు కట్టే గుంజ ఒకటి పట్టుకుని, మునివేళ్ల మీద, గడ్డం పైకెత్తి నిలబడి ఉంది ఏషి. కెరటం వచ్చినప్పుడల్లా ముఖం మునిగి తేలుతోంది. అతనూ మీజా జబ్బలు పట్టి పడవలోకి లాగారు. పిల్ల పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి, పెదవులు నల్లబడ్డాయి.

"అంత పిలిస్తే పలకవేమే? నోట్లో నాలుక లేదా?" అని మీజా మండిపడింది.

ఏషి ఆమె వైపు చూడనే లేదు. అక్క ముఖమే చూసింది.

"నేను అరవలేదక్కా. భయమేసింది, అయినా అరవలేదు. పదింటికి తీసేస్తాయన్నావుగా. అందాకా గుంజ వదలకుండా ఉంటే చాలనుకున్నాను." వెక్కుతూ ఊపిరి తీసుకుంది. "ఇంకా పది కాలేదా?"

ఇంతగా ఎందుకు నమ్మావే అని ఐకాకు చెల్లెలి మీదే కోపం ముంచుకొచ్చింది. కొట్టడానికి ఎత్తిన చెయ్యి మధ్యలోనే వాలిపోయింది. చెల్లెలి తల ఒళ్లోకి లాక్కుని భోరుమంది.