మంచు ఆరేదాకా బడి

ఇన్స్పెక్టరు వస్తున్నాడన్న కబురు అందినప్పటి నుంచీ సౌభాగ్యమ్మకు ముద్ద దిగలేదు. కొడుకు రాజరత్నం మిషను బడికి హెడ్మాష్టరై ఏడాదైనా నిండలేదు. రిజిష్టరులో పేర్లు ముప్పై, వచ్చేది పన్నెండు మంది. తక్కినవాళ్లంతా గొర్రెల వెంట. హాజరు లేదని ఇన్స్పెక్టరు రాసిన రాతకు పక్క ఊరి హెడ్మాష్టరును దించి, ఆయన శిష్యుడి కిందే చిన్న పంతులుగా వేశారట.

"దించితే దించుతార్లే అమ్మా, ప్రాణం తీయరు గదా" అన్నాడు రాజరత్నం.

"ప్రాణం సంగతి నేనింకా అనుకోనేలేదు, నువ్వు గుర్తు చేసినావు" అని ఆమె ఇంకో భయం పెట్టుకుంది.

ఆయన వచ్చే రోజు తెల్లవారకముందే కొడుక్కు చెప్పకుండా గొర్రెల దొడ్డికి, కాపర్ల పెద్ద కాటమరాజు దగ్గరికి పోయింది.

"కాటమరాజూ, ఈ ఒక్కనాడు పిల్లోల్లందరినీ బడికి పంపియ్యి తమ్ముడూ."

"పెద్దోల్లమంతా సజ్జ కోతకు పోవాల. మందనెవరు మేపాల అక్కా? మీ యేసయ్య కాపరే గదా, ఆయన్ను పిలువు."

"ఆయనకు చానా పనులుంటాయి. నేను మేపుతా."

కాటమరాజు కడుపుబ్బ నవ్వి కర్ర చేతికిచ్చాడు. "మంచు ఆరేదాకా దొడ్డి తీయొద్దు. తడి గడ్డి తింటే జబ్బు చేస్తాయి."

జాము పొద్దెక్కేదాకా ఆమె గోళీలాడుకునే పిల్లలను చూస్తూ దొడ్డి దగ్గరే కూర్చుని, వాళ్లను బడికి పంపి, తర్వాత మందను బండిబాట పక్కకు తోలింది. అప్పుడే ఒకాయన తెగిన చెప్పు చేత్తో పట్టుకుని, భుజాన తోలుసంచితో నడిచి వచ్చాడు. సంచి చూడగానే ఆమె బాటకు అడ్డం వచ్చింది. టీకాలాయన! కిందటేడు ఆయన వచ్చిన రోజు పిల్లలు కిటికీల్లోంచి దూకి, నెల దాకా బడి మొహం చూడలేదు.

"బడి ఎటమ్మా? బండి ఇరుసు విరిగి నడిచొస్తున్నాను."

"దేవుడు నిన్ను చల్లగా చూస్తాడు నాయనా, ఇయ్యాల మాత్రం అటు పోవద్దు. నిన్ను చూస్తే గోడలు దూకుతారు. ఇన్స్పెక్టరు వస్తాడని ముప్పై మందిని కూడేసినా. రోజూ అయితే పన్నెండే!"

ఆయన రాతి మీద కూలబడ్డాడు. "మరి పిల్లలు రాకపోతే మాష్టరు తప్పు కాదా?"

"నా కొడుకుదేం తప్పు? వాడు పదింటికి గంట కొడతాడు. మంద కదిలేది అంతకు ముందే. మంచు ఆరేదాకా పిల్లోల్లు దొడ్డికాడ ఊరికే గోళీలాడుకుంటా ఉంటారు. వాడికేం తెలుసు, నాకే ఇయ్యాల తెలిసింది."

"ఎంతసేపుంటారట్ల?"

"తెల్లారింది మొదలు జాము పొద్దుదాకా."

ఆయన సంచి తెరిచాడు. సూదులు లేవు. కళ్లజోడు, ఒక లావుపాటి పుస్తకం. "నేనే ఆ ఇన్స్పెక్టరును" అని చెప్పి, ఆమె చేతిలోని కర్ర జారిపడేసరికి నాలుగడుగులు ముందుకు పోయాడు.

వెంట పరుగెత్తాలంటే గొర్రెలు. దొడ్డికి తోలాలంటే ఇంకా పొద్దుంది. కొడుకు నోట్లో తానే మట్టి కొట్టానని ఏడ్చుకుంటూ, చేలో పడబోయిన పొట్టేలును తిట్టుకుంటూ సాయంత్రం దాకా తిరిగింది.

మందతో వచ్చేసరికి దొడ్డి దగ్గర రాజరత్నం, కాటమరాజు ఉన్నారు.

"దించినారా నాయనా?"

"హాజరు పన్నెండే వేయించినాడు. తక్కిన పద్దెనిమిది మంది మీ అమ్మ అరువు తెచ్చిన వాళ్లు గదా అన్నాడు. తలెత్తుకోలేకపోయినా" అన్నాడు రాజరత్నం. "ఈ మంచుకాలం మూడు నెలలూ తెల్లారకముందే గంట కొట్టి, జాము పొద్దుకు వదలాలంట. ముప్పై మంది నిలబడితే నేనే హెడ్డు. లేకుంటే దిగాల."

సౌభాగ్యమ్మకు సగం ఊపిరి వచ్చింది. అంతలోనే అది ఆగిపోయింది. "తెల్లారకముందే? నువ్వా? పొద్దు నెత్తి మీదికొచ్చి తట్టినా లేవవు గదరా!"

కాటమరాజు గొర్రెలను లెక్కపెట్టడం ఆపి నవ్వాడు. "పిల్లోల్లను మేం పంపుతాంలే అక్కా. పంతుల్ని నువ్వు పంపు."