నెమలి బొమ్మ రేకు

తొక్మొక్ ఊరి రిపేరు షెడ్డులో ఇనుము కోసే పాత మిల్లింగ్ మిషను మీద ముప్ఫై ఒక్క ఏళ్ళుగా బురుల్సున్ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదు. పడ్డా లాభం లేదు. ఆ మిషను కోసిన ముక్క ఎప్పుడూ ముందు వైపుకు వాలుగా వస్తుంది. ముక్క ముందు అంచు కింద సిగరెట్ కాగితం ఎన్ని మడతలు పెడితే తిన్నగా తెగుతుందో ఆమెకొక్కదానికే తెలుసు. చిన్న ముక్కకు రెండు, పంపు మూతకు నాలుగు, పెద్దదైతే దేవుడి మీద భారం వేసి ఆరు. ఈ గుట్టు ఆమె చెవిన వేసి కన్నుమూసినవాడు ఆమె గురువు ఉస్తాద్ మాంబెత్. ఆ కృతజ్ఞతతో ఆమె ప్రతి శుక్రవారం ఆయన పేరున నూనె కాచి బోర్సోకులనే పిండి ముక్కలు వేయిస్తుంది.

అలాంటి మిషనుకు కంప్యూటర్ తగిలిస్తానంటూ రాజధాని బిష్కెక్ నుంచి ఎర్మెక్ అనే ఇంజినీరు మోటార్లు, తీగలు, ఒక బుల్లి తెర పట్టుకుని దిగాడు. బురుల్సున్‌కు ఒళ్ళు మండింది.

"పెట్టు నాయనా, పెట్టు. దీని అలక తీర్చడం కూడా నేర్పుతావా నీ డబ్బాకి?"

"దానికి అలకలూ బుజ్జగింపులూ తెలీవు, ఎజే. చెప్పిన చోటికి పోతుందంతే," అన్నాడు ఎర్మెక్, ఎజే అని అక్క వరస కలుపుతూ.

"మా తమ్ముడికీ నీలాగే నోరెక్కువ. ఇప్పుడు బజారు గేటు దగ్గర కత్తులు సానపడుతున్నాడు."

తమ్ముడు జోల్చు సంగతి షెడ్డులో అందరికీ తెలిసిందే. ఉస్తాద్ దగ్గర పనికి చేరిన మొదటి నెలలోనే భేష్ అనిపించుకున్నాడు. ఏడాది తిరిగేసరికి ఉస్తాద్ మిషను వీడి చేతికే వస్తుందని ఫోర్‌మన్ పైకే అన్నాడు. రెండో నెల నుంచి వాడు కోసిందల్లా వంకరే. లోపం మిషనులోనే ఉంది, ఒక్కసారి తల విప్పి చూద్దామని జోల్చు మొత్తుకున్నాడు. తల అంటే కత్తి తిరిగే పై భాగం. ఉస్తాద్ ముట్టుకోనివ్వలేదు. అప్పట్లో అదే షెడ్డులో డ్రిల్లింగు పని చేస్తున్న బురుల్సున్ నలుగురి ముందూ, "ఆడలేక మద్దెల ఓడన్నాట్ట" అనేసింది. అక్కే అంత మాటన్నాక మిగతావాళ్ళు ఊరుకుంటారా? జోల్చును పంపేశారు. ఆ ఖాళీలోకి ఉస్తాద్ ఆమెను తీసుకున్నాడు. ఇవాళ్టికీ ఇంట్లో విందు జరిగితే, మర్యాదను బట్టి మాంసపు ఎముకలు పంచేటప్పుడు, జోల్చు వంతు తనకంటే చిన్నవాళ్ళ తర్వాతే వస్తుంది. పంచేది బురుల్సునే.

మంగళవారం పొద్దున ఎర్మెక్ బోల్టులు విప్పి, గొలుసు కప్పీతో తలను పైకి లేపాడు. సందులోంచి సన్నటి రేకు ముక్క ఒకటి జారి నూనె తట్టలో పడింది.

"ఇదేంటెజే? ఎవడో కావాలనే దూర్చాడు. చూడు, బోల్టుకు కన్నం కూడా పొడిచాడు."

బురుల్సున్ దాన్ని గుడ్డతో తుడిచింది. జిడ్డు కింద నీలం రంగు తేలింది. ఇంకాస్త తుడిస్తే నెమలి మెడ.

ఆమె దాన్ని వెలుతురుకు పట్టుకుంది. అది అమ్మ తేయాకు డబ్బా. జోల్చును పనిలో పెట్టిన రోజున అమ్మ ఆ డబ్బా నిండా మంచి తేయాకు పోసి, "నా బిడ్డకు పని నేర్పు" అంటూ ఉస్తాద్ చేతిలో పెట్టింది. ఆ డబ్బా రేకే ఇది.

"మిషను అరిగిపోయి ఉంటుంది," అంది బురుల్సున్. "దాన్ని సర్దడానికే ఉస్తాద్ పెట్టుంటాడు. ఇది లేకపోతే ఇంకా వంకరగా కోసేది."

"అయితే చూద్దాం."

ఎర్మెక్ రేకు లేకుండా తల బిగించాడు. వంకర కొలిచే డయల్ తగిలించి ముందుకీ వెనక్కీ నడిపాడు. సూది కదల్లేదు. ఆమె నమ్మలేక మళ్ళీ నడపమంది. మళ్ళీ కదల్లేదు. సాయంత్రానికి మోటార్లు కూర్చి, తెర వెలిగించి, అతను మొదటి పంపు మూత పెడుతుంటే ఆమె చెయ్యి అలవాటు కొద్దీ సిగరెట్ కాగితం తీసింది.

"అక్కర్లేదు, ఎజే."

ముక్క గీత గీసినట్టు తెగింది. బురుల్సున్ తెగిన అంచు పొడుగునా వేలితో తడిమి చూసింది. ఇన్నేళ్ళూ పనితనం అనుకున్నది ఒక దొంగ రేకును సర్దుకోవడమేనా? అదీ తమ్ముడి నోటి దగ్గర కూడు లాక్కున్న రేకును!

ఆమె కోటైనా తొడుక్కోకుండా బజారుకు నడిచింది. గేటు దగ్గర కత్తులు పట్టుకుని నలుగురైదుగురు ఆడవాళ్ళు వరసలో ఉన్నారు. రేకును సానరాయి పక్కన పెట్టింది. జోల్చు చూశాడు. రాయి తిరిగి తిరిగి ఆగింది.

"అమ్మ డబ్బా," అన్నాడు. "ఎక్కడిది?"

"తల కింద ఉంది."

"విప్పి చూద్దామన్నానుగా, ఎజే."

"అన్నావురా." ఆమె వంగి అతని చెవి దగ్గర, "తప్పు నాదే. నన్ను..." అనబోయింది.

జోల్చు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆ రోజు నా చెవిలో చెప్పావా ఏంటి, ఇప్పుడు చెవిలో చెబుతున్నావ్?" అని, వరసలో ముందున్నావిడ కత్తి అందుకున్నాడు.

బురుల్సున్ నిటారుగా నిలబడింది. రేకును చేతిలోకి తీసుకుని వరస వైపు తిరిగింది.

"అమ్మా, కాస్త వినండి," అంది, గేటు అవతల రొట్టెలమ్మేవాళ్ళు కూడా తలెత్తేంత గట్టిగా. "వీడు నా తమ్ముడు. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట వీడికి పని చేతకాదని నలుగురిలో అన్నదాన్ని నేనే. మద్దెలే ఓడమ్మా. ఇదిగో, చూడండి."