మూడో సీజన్‌లో ఎడమచెయ్యి

ఆ మూడు నెలలూ మలేషియాలోని పెనాంగ్‌లో సోమవారం పొద్దున్న ఎవరూ ఎవరి క్షేమమూ అడగలేదు. "నిన్న చూశావా?" అనే అడిగారు. చూసింది 'బొగ్గుల వీధి హోటల్' సీరియల్ మూడో సీజన్. తండ్రి హోటల్‌ని ఒంటిచేత్తో నెట్టుకొస్తున్న బీ లియాన్ అనే అమ్మాయి కథ అది. మొదటి రెండు సీజన్లకీ ఊరంతా ఒకే మాట మీద ఉంది. మూడోదానికొచ్చేసరికి ఒకే ఇంట్లో మొగుడూ పెళ్ళాలు కూడా రెండు పార్టీలయ్యారు. రెండు సీజన్ల పాటు కుడిచేత్తో అట్లకాడ తిప్పిన బీ లియాన్ ఈసారి ఏ కారణమూ చెప్పకుండా ఎడమచేత్తో తిప్పడం మొదలుపెట్టింది. గొడవంతా దాని మీదే.

జెలుటోంగ్ మార్కెట్ వెనక కాఫీ కొట్టులో ఈ గొడవకి పెద్దలు ఇద్దరు. తెయిక్ మాస్టారు బడిలో నలభై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాడు, ఎదుటివాళ్ళ తప్పులు దిద్దడం మాత్రం మానలేదు. లెంగ్ చూకి పక్క వీధిలో బట్టల కొట్టు ఉంది. సీరియల్ ఏదైనా సరే అందులో లేని అర్థాలు కూడా తీయగలదు.

"మతిమరుపమ్మా, మతిమరుపు. ఏ చేత్తో తీశారో వాళ్ళకే గుర్తు లేదు. ఆ ఎడమచేతి వంటలో పొయ్యి కాక ఎక్కడినుంచొస్తుంది? తెర మీద చూస్తేనే తెలిసిపోతోంది చప్పిడి అని" అన్నాడు మాస్టారు ఒక సోమవారం, కాఫీలో బ్రెడ్డు ముంచుతూ.

"మీకు అర్థం కాలేదని ఒప్పుకోవచ్చుగా మాస్టారూ. బీ లియాన్ తమ్ముడు అలిగి వెళ్ళిపోయాడా లేదా? వాడే దానికి కుడిభుజం. వాడు పోయాక అది ఎడమచేత్తో బతుకుతోంది. నేను ఏడ్చాను తెలుసా."

"నువ్వు సబ్బు అడ్వర్టైజ్‌మెంటుకి కూడా ఏడుస్తావు."

"మీరు నవ్వే సీనుకి కూడా మార్కులు వేస్తారు."

మాస్టారు నూడుల్స్ పొయ్యి వైపు తిరిగి వేలెత్తాడు. అంటే ఒక ప్లేటు, నత్తగుల్లలు ఎక్కువ, పెసర మొలకలు తక్కువ. మిగతావాళ్ళు పొయ్యి దగ్గర వరసలో నిలబడాలి. ఆయన మాత్రం ఇరవై ఏళ్ళుగా కూర్చున్నచోటి నుంచి వేలు ఎత్తుతాడు. ప్లేటు దానంతటదే వస్తుంది.

ఆ పొయ్యి నడిపే గైక్ సిమ్ రేకు వెనక నిలబడి ఇదంతా విన్నది. వింటూనే మూకుట్లో పంది కొవ్వు కరగబెట్టి, వెల్లుల్లి వేసి, రొయ్యలు వేసి, వెడల్పాటి బియ్యపు నూడుల్స్ గుప్పెడు వదిలింది. పెనాంగ్ చార్ కోయ్ తియావ్ అనే ఈ నూడుల్స్ వేపుడు ఏ ప్లేటుకి ఆ ప్లేటే చెయ్యాలి. పదిమంది నిలబడినా పదిసార్లు మొదటినుంచీ మొదలుపెట్టాలి. కుడిచేత్తో బాతుగుడ్డు కొట్టింది. అట్లకాడ ఎడమచేతిలో ఉంది.

ఆ సీరియల్‌లో మొహం ఒక సినిమా నటిది. చేతులు గైక్ సిమ్‌వి. మొదటి సీజన్ నుంచీ అంతే. కెమెరా మూకుడు మీదికి దిగగానే ఆ నటి పక్కకి తప్పుకుంటుంది, అదే రంగు చొక్కా తొడుక్కుని ఈమె వచ్చి నిలబడుతుంది. యాభై ఆరేళ్ళ చేతులకి పౌడరు పూసి, పాత కాలిన మచ్చలు కప్పి, ముప్పై ఏళ్ళవిగా చేస్తారు. పేరు వెయ్యొద్దని ఈమే చెప్పింది. తినడానికి రావలసినవాళ్ళు చేతులు చూడ్డానికి వస్తే వరస కదలదని ఆమె భయం.

కిందటేడు కుడి మణికట్టు అరిగిపోయింది. ముప్పై ఒక్క ఏళ్ళు రోజుకి రెండొందల ప్లేట్లు తిప్పిన మణికట్టు. వంట మానెయ్యమన్నాడు డాక్టరు. ఆమె వంట మానలేదు, చెయ్యి మార్చింది. అక్క కూతురి పురుడని అబద్ధమాడి నాలుగు నెలలు పొయ్యి ఆర్పింది. ఇంటి వెనక మూకుట్లో తడి ఇసక పోసుకుని ఎడమచేత్తో తిప్పింది. మొదటి నెల ఇసకంతా నేలమీదే. మూడో నెలకి బయటికి ఒక్క రేణువు పడలేదు. నాలుగో నెలకి చెవి పెట్టి విని, అట్లకాడ చప్పుడు తన పాత చప్పుడులాగే ఉందని ఒప్పుకుంది. చైనీస్ కొత్త సంవత్సరం అయ్యాక కొట్టు తెరుస్తూ నూనె చిందుతోందన్న వంకతో పొయ్యి ముందు భుజాల ఎత్తు రేకు కట్టింది.

ఎందుకు దాచిందంటే ఆమెకి ఊరి సంగతి తెలుసు. ఎదురుగా రొయ్యల పులుసు నూడుల్స్ అమ్మే ముసలాయన మోకాళ్ళు నొప్పని కొడుకుని నిలబెట్టాడు. అదే కుండ, అదే పులుసు, పొద్దున్నే ముసలాయన దగ్గరుండి కాచినదే. అయినా వారంలో సగంమంది పోయారు. అడిగితే "చెయ్యి మారిందిగా" అన్నారు. ఇప్పుడు ఆ కుర్రాడు టాక్సీ తోలుతున్నాడు. ఈ ఊళ్ళో నాలుక కంటే ముందు కన్ను రుచి చూస్తుంది, ఆ సంగతి ఎవరూ ఒప్పుకోరు.

మాస్టారు ప్లేటు ఖాళీ చేసి అరిచాడు. "లెంగ్ చూ, ఇదిగో, కుడిచెయ్యంటే ఇదీ. ఆ టీవీవాళ్ళని తీసుకొచ్చి ఇక్కడ కూర్చోబెట్టాలి."

గైక్ సిమ్‌కి నవ్వు రాలేదు. ఒళ్ళు మండింది.

మధ్యాహ్నం పొయ్యి ఆర్పాక డైరెక్టర్ ఫూంగ్ ఫోన్ చేసింది. నలభై దాటని మనిషి, గైక్ సిమ్‌ని పిన్నీ అంటుంది. ఎడమచేతిని ఎడమచేతిగానే తీద్దామని ధైర్యం చేసింది ఆమే.

"పిన్నీ, ఎలా చెప్పాలో తెలీటం లేదు. ఛానల్‌వాళ్ళు ఆఖరి ఎపిసోడ్‌కి కుడిచెయ్యి కావాలంటున్నారు. కౌలాలంపూర్‌లో ఒక స్టార్ హోటల్ వంటవాణ్ణి మాట్లాడారు. ఉత్తరాల మీద ఉత్తరాలు వస్తున్నాయట, ఆ చెయ్యి అబద్ధం అని."

"చెయ్యి అబద్ధమేమిటి?"

"ఎడమచేత్తో అలా ఎవరూ చెయ్యలేరు, ఏదో కెమెరా మాయ అంటున్నారు. బాగుందనేవాళ్ళు సగంమంది ఉన్నారు. కానీ ఉత్తరాలు రాసేది బాగాలేదనేవాళ్ళే."

గైక్ సిమ్ చేతిలోని మసిగుడ్డ పక్కన పడేసింది. ఆఖరి ఎపిసోడ్‌లో బీ లియాన్ తండ్రి పొయ్యి మీద ఒకే ఒక్క ప్లేటు చేస్తుంది. మూడు సీజన్లూ నడిచింది ఆ ప్లేటు కోసమే. అది ఇంకొకరి చేతికి పోతే, తను నాలుగు నెలలు తిప్పిన ఇసక ఇసకగానే మిగిలిపోతుంది. అంతకంటే పెద్ద విషయం, ఆ చెయ్యి పనికిరాదని తనే ఒప్పుకున్నట్టవుతుంది.

"షూటింగ్ ఎప్పుడు?"

"శనివారం."

"గురువారం తొమ్మిదింటికి నా కొట్టుకి రా. ఫోన్‌లో వీడియో తియ్యి. అబద్ధమో నిజమో నీ ఛానల్‌వాళ్ళే చూస్తారు."

"అక్కడ నీ గిరాకీ అంతా ఉంటుంది పిన్నీ. వాళ్ళకి తెలిసిపోతుంది."

"తెలియాలి. నేనే దాక్కుంటే నీ ఛానల్‌వాళ్ళని ఏ మొహం పెట్టుకుని అడగను?"

గురువారం ఆరింటికి వచ్చి స్క్రూడ్రైవర్‌తో రేకు విప్పింది. నాలుగు స్క్రూలు ఊడొచ్చాయి, అయిదోది తుప్పు పట్టి మొరాయించింది. దాన్ని సుత్తితో కొట్టి ఊడదీసింది. రేకుని గోడకి ఆనించి బొగ్గులు రాజేసింది. రేకు వైపు మళ్ళీ చూడలేదు.

మొదట వచ్చినవాళ్ళు ఎడమచేతిలో అట్లకాడ చూసి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వరసలో గుసగుసలు వెనక్కి పాకాయి. ఒకామె గడియారం చూసుకుని ఏదో పని గుర్తొచ్చినట్టు వెళ్ళిపోయింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు. గైక్ సిమ్ వంచిన తల ఎత్తకుండా ప్లేటు తరవాత ప్లేటు చేసింది.

తొమ్మిదింటికి ఫూంగ్ వచ్చి పొయ్యి పక్కన ఫోన్ పట్టుకుని నిలబడింది. మాస్టారు వచ్చి కూర్చుని, అలవాటుగా వేలెత్తి, ఎత్తిన వేలు అలాగే ఉంచేశాడు.

"ఇదేమిటి గైక్ సిమ్? కుడిచేతికి ఏమైంది?"

"ముందు తినండి మాస్టారూ" అని ఎడమచేత్తో ఒక ప్లేటు చేసి పంపింది.

ఆయన మూడు ముద్దలు తిన్నాడు. నాలుగోది తింటూ మొహం అదోలా పెట్టాడు. కొట్టంతా ఆయన నోటివైపే చూస్తోంది.

"ఏమీ అనుకోకు. నేను ఉన్నమాట అంటాను. ఇవాళ తగ్గింది. కాక లేదు. చేతిలో బలం లేనట్టు తెలుస్తోంది."

"సోమవారం ఎలా ఉంది?"

"సోమవారం అదిరింది. లెంగ్ చూని అడుగు, నేనే అన్నాను."

"సోమవారం కూడా ఈ చెయ్యే. ఫిబ్రవరి నుంచీ ఈ చెయ్యే."

"ఊరుకో. ఇరవై ఏళ్ళుగా తింటున్నాను. నాకు తెలీదా?"

గైక్ సిమ్ అట్లకాడని కుడిచేతిలోకి మార్చుకుంది. "పిన్నీ, వద్దు" అంది ఫూంగ్. ఆమె వినిపించుకోలేదు.

"సరే మాస్టారూ. ఈ ప్లేటు కుడిచేత్తో. మీ కళ్ళముందే."

కొవ్వు, వెల్లుల్లి, రొయ్యలు, అంతవరకూ బాగానే సాగింది. నూడుల్స్ పడగానే మణికట్టు పట్టు వదిలేసింది. తిప్పాల్సిన చోట అట్లకాడ గీరుకుంది. నూడుల్స్ అడుగంటాయి, గుడ్డు ఒకవైపు మాడి ఒకవైపు పచ్చిగా మిగిలింది. నొప్పికి ఆమె పళ్ళు బిగబట్టడం వరసలో అందరూ చూశారు. ఒకసారి అట్లకాడ జారి మూకుడు అంచుకి తగిలింది. మళ్ళీ పట్టుకుంది. ఆపలేదు. ప్లేటులోకి దింపి తనే తీసుకెళ్ళి మొదటి ప్లేటు పక్కన పెట్టింది.

"తినండి."

మాస్టారు తిన్నాడు. నమిలాడు. ఇంకో ముద్ద తీసుకుని అదీ నమిలాడు. నచ్చినా నచ్చకపోయినా ఆయనలో ఒక గుణం ఉంది. సొంత కొడుకు పేపరైనా దొంగ మార్కులు వెయ్యలేదు. చాప్‌స్టిక్స్ బల్ల మీద పెట్టాడు.

"దీనికి పాసు మార్కులు రావు" అన్నాడు మెల్లిగా.

మొదటి ప్లేటు తన ముందుకి లాక్కుని కళ్ళు మూసుకుని ఒక ముద్ద తిన్నాడు. ఇంకొకటి తిన్నాడు. కళ్ళు తెరిచాక ఎవరివైపూ చూడలేకపోయాడు.

"నా నాలుకని నేనే మోసం చేసుకున్నాను గైక్ సిమ్. ఇది సోమవారందే."

"ఇంకోటి కూడా చెప్పాలి" అంది గైక్ సిమ్. "మీరు రోజూ తిట్టే టీవీ చెయ్యి కూడా ఇదే. ఈవిడ దానికి డైరెక్టరు."

లెంగ్ చూ కాఫీ గ్లాసు దించి, గ్లాసు వైపు కాకుండా గైక్ సిమ్ చేతుల వైపు చూసింది. "నేను ఏడ్చింది నీ చేతిని చూసా?" అంది.

"అవును. తమ్ముడు పోయి కాదు, మణికట్టు పోయి."

"అయితే ఇప్పుడు ఇంకా ఏడుపొస్తోంది."

మాస్టారు ఫూంగ్ వైపు తిరిగాడు. అంతసేపూ దిగమింగుకున్న సిగ్గంతా ఆమె మీదికి మళ్ళింది. "ఏమమ్మా, సీజన్ నిండా ఇంత సాగతీతేమిటి? అయిదో ఎపిసోడ్‌లో వాన పడ్డ సీను పదకొండు నిమిషాలు. నేను గడియారం పెట్టుకుని చూశాను. కానీ ఆ చేతి జోలికి మాత్రం వెళ్ళకు. ఎవడికి నచ్చకపోయినా సరే."

ఫూంగ్ నవ్వలేదు. ఫోన్‌లో ఒక ఫొటో వెతికి ఆయన ముందు పెట్టింది. "ఛానల్‌వాళ్ళు మీటింగులో అందరికీ చదివి వినిపించిన ఉత్తరం ఇది. దీన్ని చూసే చెయ్యి మార్చాలనుకున్నారు. వాన సీను పదకొండు నిమిషాలని ఇందులోనూ ఉంది. కింద పేరు చూడండి సర్."

మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నాడు. చూశాడు. అది ఆయన పేరే, గుండ్రటి చేతిరాతతో సహా.

"బయటికి చదవండి" అంది గైక్ సిమ్.

"వద్దులే."

"చదవండి. నా గురించే కదా రాశారు."

ఆయన చదివాడు. క్లాసులో గోడలు అదిరేలా పాఠం చెప్పిన గొంతు పక్క బల్లకి కూడా వినపడలేదు. "ఇది వంటవాళ్ళ చెయ్యి కాదు. ఒక్కరోజైనా పొయ్యి ముందు నిలబడని మనిషి చెయ్యి. ప్రేక్షకుల తెలివిని ఇలా అవమానించడం తగదు." అక్కడ ఆగిపోయాడు. తరవాత ఇంకో పేరా ఉంది, అది చదవలేకపోయాడు.

బొగ్గులు చిటపటమన్నాయి.

"నేనిప్పుడు ఏం చెయ్యాలి?" అన్నాడు మాస్టారు.

గైక్ సిమ్ అప్పటికే పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. కుడిచెయ్యి చన్నీళ్ళ బకెట్టులో ముంచి తీసి తువ్వాలు చుట్టింది. అట్లకాడ ఎడమచేతిలోకి తీసుకుంది.

"ఏం చేస్తారు, ఇంకో ప్లేటు కావాలంటే వరసలో నిలబడండి. అందరిలాగే."

వరసలో తొమ్మిదిమంది ఉన్నారు. మాస్టారు లేచి, చొక్కా సర్దుకుని, పదోవాడిగా వెళ్ళి నిలబడ్డాడు. ముందున్నతను చోటివ్వబోతే వద్దన్నాడు. గైక్ సిమ్ తొందరపడలేదు. ఎవరి ప్లేటు వాళ్ళకి మొదటినుంచీ చేసింది. ఈలోపల ఫూంగ్ బయట ఎండలో నిలబడి రెండు వీడియోలూ పంపి, ఛానల్‌వాళ్ళతో చాలాసేపు వాదించి, లోపలికొచ్చి "శనివారం నువ్వే పిన్నీ" అంది. గైక్ సిమ్ తలూపి మూకుట్లో నూడుల్స్ వేసింది.

మాస్టారి వంతు వచ్చేసరికి నలభై నిమిషాలైంది. గుల్లలు ఎక్కువ, మొలకలు తక్కువ, ఆయన నోరు తెరిచి అడగాల్సి వచ్చింది. గైక్ సిమ్ చేసి, ప్లేటుని ఎడమచేత్తోనే చాచింది. బడిలో నలభై ఏళ్ళు పిల్లలు ఆయన చేతి నుంచి పుస్తకాలు అందుకున్నట్టే, మాస్టారు కొంచెం వంగి, రెండు చేతులా ఆ ప్లేటు అందుకున్నాడు.