సంతకానికి ముందు

జాతీయ గ్రంథాలయానికి అధిపతిగా చార్జి తీసుకోవాల్సిన రోజు పొద్దున ఆమె తన భర్త చొక్కా ఇస్త్రీ చేస్తోంది.

"కాలరు దగ్గర ఇంకోసారి లాగు. ఫొటోల్లో ముందు కనబడేది కాలరే," అన్నాడాయన గుమ్మంలో నిలబడి, పళ్ళు తోముకుంటూనే.

ఎవరి ఫొటో, ఎవరి కాలరు అని ఆమెకు నవ్వొచ్చింది కానీ ఆపుకుంది. ఇస్త్రీ పెట్టె చేతిలో ఉన్నప్పుడు నవ్వితే కాలేది చొక్కాయో వేలో చెప్పలేం. మంచం మీద తన చీర మడతలతోనే పడి ఉంది. దానికి టైము మిగులుతుందో లేదో అనుకుంటూ కాలరు మీద మళ్ళీ నీళ్ళు చిలకరించింది. ఆయన చెడ్డవాడేం కాదు. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, నలుగురిలో మంచి పేరున్నవాడు. ఆమె మీద ఏనాడూ చెయ్యి ఎత్తలేదు. తిన్న కంచమూ ఏనాడూ ఎత్తలేదు.

"మీ డిప్యూటీతో మాట్లాడాను," అన్నాడు నోరు పుక్కిలించి వచ్చి. "అంతా తేలిపోయింది. ఇవాళ నువ్వు సంతకం పెట్టెయ్. రేపట్నుంచి లాంగ్ లీవు. ఇన్‌చార్జిగా అతను చూసుకుంటాడు. అమ్మాయి పురుడయ్యి, ఆ బిడ్డకి ఏడాది నిండేసరికి నీకూ రిటైర్మెంటు వచ్చేస్తుంది. పేరు నీకుంటుంది, పని అతను చేస్తాడు. ఎవరికీ ఇబ్బంది ఉండదు."

"సరే," అంది ఆమె.

సరే అనడం ఆమెకు బాగా అలవాటైన పని. ఉద్యోగంలో చేరిన కొత్తలో అత్తగారు ముక్కున వేలేసుకుని, "పుస్తకాల దుమ్ము దులపడానికి కూడా జీతమిస్తారా తల్లీ? మనింట్లో దులిపితే ఎవరూ ఇవ్వరే!" అంది. వెటకారంగా అందో, నిజంగానే అడిగిందో ఆమెకు ఇప్పటికీ తెలియదు. తలుచుకుంటే అంతకంటే సరైన ప్రశ్న ఆ ఇంట్లో ఇంకెవరూ అడగలేదు. దేశంలో ఏ మూల ఏది అచ్చయినా ఒక ప్రతి ఆ గ్రంథాలయానికి పంపాలని చట్టం. మహాకావ్యమైనా రావలసిందే, రైళ్ళ టైంటేబులైనా రావలసిందే. వచ్చినదాన్ని విప్పి, చదివి, ఎవరు రాశారు, దేని గురించి రాశారు, ఏ అరలో ఉండాలి అని తేల్చి, వీపు మీద నంబరు రాసి లోపలికి పంపడం ఆమె పని. బంధువులు అడిగితే ఆయన "ఏదో గుమాస్తా పనే" అని చెప్పేవాడు. మొదటి ప్రమోషన్ వచ్చినప్పుడు, "పెరిగింది జీతమా, పనా?" అని అడిగి, రెండూ అని తెలిశాక, "మరి వంట?" అన్నాడు. రెండోది అమ్మాయి పదో తరగతని వదులుకుంది. మూడోది అత్తగారి తుంటి విరిగిందని. ఆమె దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు ఆమెకే పై అధికారులయ్యి, "మీరుండబట్టే మేడం, మాకు నిశ్చింత," అని మెచ్చుకుని, తమ ఫైళ్ళు కూడా ఆమె బల్ల మీదే పెట్టి ఇళ్ళకు వెళ్ళేవారు. ఇప్పటి డిప్యూటీ వాళ్ళలో ఒకడు. చివరికి అధిపతి పోస్టు ఇంటర్వ్యూలో, మగ అభ్యర్థులను పాత పుస్తకాలు కంప్యూటర్లోకి ఎక్కించడం గురించి అడిగిన పెద్దమనుషులు ఆమెను మాత్రం, "ఇంట్లో ఇబ్బందేం లేదు కదమ్మా?" అని మొదలుపెట్టారు. తర్వాత అడగాల్సినవీ అడిగారు. అన్నిటికీ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఉత్తర్వు చేతికొచ్చిన రోజు స్టోర్ రూములోకి వెళ్ళి, తలుపేసుకుని, సంతోషం పట్టలేక ఏడ్చింది. ఆ పని తనకు కావాలి. ఆ ఒక్క ఏడాది అయినా సరే, కావాలి. ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు కూడా. ముఖం కడుక్కుని వచ్చి కూరగాయలు తరిగింది.

ఆ గ్రంథాలయంలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త అధిపతి కుర్చీలో కూర్చుని సంతకం పెట్టే ముందు, భూమి లోపల ఉన్న పుస్తకాల అంతస్తులన్నీ అట్టడుగు నుంచి పైదాకా ఒంటరిగా నడిచి రావాలి. ఏం అప్పగిస్తున్నారో కళ్ళారా చూశాకే అప్పగింత. ఎప్పుడో మొదటి అధిపతి పెట్టిన పద్ధతి. ఆ తర్వాతి వాళ్ళు దాన్ని కుదించుకుంటూ వచ్చారు. ఒకాయన తలుపు దగ్గరే నిలబడి తొంగిచూసి, "భేష్," అని వెనక్కి తిరిగాడట. ఇంకొకాయన ఫొటోగ్రాఫర్‌ను వెంటబెట్టుకెళ్ళి, లావుపాటి పుస్తకమొకటి తెరిచి పట్టుకున్నాడు. అది తలకిందులుగా ఉందన్న సంగతి ఫొటో వచ్చాక తెలిసింది.

"మీరు చూడని అరలా మేడం! ఊరికే అలా వెళ్ళొచ్చేయండి, మన శాఖ సెక్రటరీ గారు బయల్దేరారట," అన్నాడు డిప్యూటీ గ్రంథాలయంలో లిఫ్టు దగ్గర.

వెంట వచ్చిన భర్త ఆమె చెవి దగ్గరికి వంగి, "కిందంతా చలి. తిరిగానని చెప్పేస్తే సరిపోదూ?" అన్నాడు. ఆమె లిఫ్టు ఎక్కింది.

అట్టడుగు అంతస్తులో తలుపు తెరుచుకుంటే ముందు కనబడింది చీకటి. అరల మధ్య సందులోకి మనిషి అడుగుపెడితేనే అక్కడ దీపాలు వెలుగుతాయి, దాటిపోగానే వాటంతటవే ఆరిపోతాయి. ఆమె ఇక్కడికి లెక్కలేనన్నిసార్లు వచ్చింది. కానీ ఎప్పుడూ ఏదో ఒక పుస్తకం కోసం, పైన ఎవరో ఎదురుచూస్తుండగా, పరుగున వచ్చి పరుగున వెళ్ళింది. ఊరికే నడవడం ఇదే మొదలు. దినపత్రికల బైండు పుస్తకాలు మనిషెత్తున, ఇటూ అటూ, చూపు ఆనినంత దూరం ఉన్నాయి. దేశం బతికిన రోజులన్నీ అక్కడ వరసగా నిలబడి ఉన్నాయి. తను పుట్టిన రోజు ఇక్కడెక్కడో ఉంది, పెళ్ళయిన రోజూ ఉంది. అత్తగారు పుట్టిన రోజు కూడా ఉంది, ఆవిడ పుట్టిందని ఏ పత్రికా రాయకపోయినా. ఆమెకు ఒళ్ళు జలదరించింది. చలికి కాదు. ఇంత ఉందా, అనుకుంది. ఇంతకాలం ఇంత పెద్దదాని పక్కన నిలబడి, గడియారం చూసుకుంటూ బతికానా?

ఇనుప మెట్లెక్కి పై అంతస్తుకు వచ్చింది. ఇక్కడ పుస్తకాలు. వీపుల మీద తెల్ల సిరాతో నంబర్లు. రెండు మూడు సందులు దాటాక ఆగి, దగ్గరికి వెళ్ళి చూసింది. ఆ రాత తనదే. కొమ్ము కొంచెం ఎక్కువగా వంచే ఆ ఏడు తనదే. పక్కదీ తనదే, దాని పక్కదీ తనదే. ముందుకు నడిచింది. దీపాలు వెలుగుతున్న కొద్దీ తన చేతిరాత వెలుగులోకి వస్తూనే ఉంది, కింది అర, పై అర, అవతలి సందు, దాని అవతలి సందు. ఇంట్లో చేసిన పని ఏదీ తెల్లారేసరికి మిగిలేది కాదు. వండింది తినేసేవారు, ఉతికింది మాసిపోయేది, తుడిచిన చోటే మళ్ళీ దుమ్ము పడేది. తన బతుకంతా అలాగే ఎక్కడికక్కడ చెరిగిపోయిందనుకుంది ఆమె. చెరిగిపోలేదు. చేసింది చేసినట్టు ఇక్కడ ఉంది. అమ్మాయి కడుపులో ఉండగా రాసినవి ఇక్కడే ఉన్నాయి, తుంటి విరిగిన అత్తగారికి పథ్యం వండిపెట్టి వచ్చి రాసినవీ ఇక్కడే ఉన్నాయి. ఆమె అర పట్టుకుని నిలబడిపోయింది. గుడిలో కూడా ఆమెకెప్పుడూ అంత భక్తి కలగలేదు.

ఆ పై అంతస్తులో వైద్యం. అక్కడి రాత తనది కాదు, తనకంటే ముందు తరం వాళ్ళది. బాలింతల సంరక్షణ మీద ఉన్న ఒక పాత పుస్తకం, అమ్మాయి గుర్తొచ్చి, తీసింది. నంబరు కింద రచయితగా ఎవరో డాక్టరు పేరుంది. లోపలి పేజీలో మాత్రం "రచన: డాక్టరుగారి భార్య" అని ఉంది, అంతే. ఆవిడ పేరు ఎక్కడా వేయలేదు. పేరు లేకపోతే పుస్తకానికి అర ఉండదు కాబట్టి, ఆనాటి ఉద్యోగి ఎవరో కనబడిన పేరే రాసుకుని పని కానిచ్చాడు. డాక్టరుగారు పుస్తకానికి ముందుమాట కూడా రాశాడు. "నా భార్య వంటింటి తీరికలో దీనిని రచించినది. ఇందులో దోషములున్నచో అవి ఆమెవే," అన్నాడు. పుస్తకం ఆయనది, తప్పులు ఆవిడవి! ఇలాంటివి ఆమెకు కొత్తేం కాదు. కుట్టుపని పుస్తకం, పిల్లల పాటల పుస్తకం, ఒక లెక్కల పుస్తకం కూడా, భార్యలు రాసి భర్తల పేర్ల కింద సర్దుకున్నవి ఈ భవనంలో ఎన్నో ఉన్నాయి. సరిచేద్దామని అడిగినప్పుడల్లా పై అధికారులు, "ఇప్పుడవన్నీ ఎవరు తవ్వుతారు మేడం?" అనేవారు.

పుస్తకం ఇంకా చేతిలో ఉండగానే, పొద్దున భర్త అన్న మాట గుర్తొచ్చింది. పేరు నీకుంటుంది, పని అతను చేస్తాడు. ఇన్నేళ్ళుగా ఈ అరల నిండా పని ఆడదానిది, పేరు మగవాడిది. ఆ తిరకాసు విప్పాల్సిన కుర్చీలోకి ఒక ఆడది వస్తుంటే, ఎలాగోలా తిప్పి, పేరు ఆడదానిదీ పని మగవాడిదీ చేసేశారు. ఎటు తిప్పినా ఆమె చేతికి రెండూ కలిసి రాకుండా చూశారు, అదీ ఎంతో ప్రేమగా. ఆమెకు నవ్వొచ్చింది. ఈసారి ఆపుకోలేదు. ఆ సందులో తన నవ్వు తనకే గట్టిగా వినబడింది. డాక్టరుగారి భార్యా, అనుకుంది, నీ పేరేమిటో నాకు తెలియదు కానీ ఎక్కడ వెతకాలో తెలుసు. పెళ్ళి ప్రకటనలున్నాయి, బడి రికార్డులున్నాయి, నీ ఊళ్ళో అచ్చయిన పత్రికలన్నీ కింద ఉన్నాయి. దొరుకుతావు. మీరంతా దొరుకుతారు. ఆ ఏడాదికి ఆ పని చాలు.

పుస్తకాన్ని దాని చోటులోనే పెట్టి చివరి అంతస్తు ఎక్కింది. అక్కడ అరలు ఖాళీగా ఉన్నాయి. రాబోయే ఏళ్ళ కోసం కట్టి ఉంచినవి. ఆమె నడుస్తుంటే దీపాలు ఒక్కొక్కటే వెలిగి, ఏమీ లేని చోటును చూపించాయి. ఇంకా రాయని పుస్తకాలకు, ఇంకా పుట్టని మనుషులు రాయబోయేవాటికి కూడా, ముందే చోటు చేసి పెట్టారు. ఎవరో ఎప్పుడో, తాము చూడబోని వాటి కోసం ఇంత శ్రద్ధగా గది కట్టించారు. ఆమె ఒక ఖాళీ అర మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడింది. భయమూ వేసింది, గర్వమూ కలిగింది. కళ్ళనిండా నీళ్ళతో, పైన ఎవరు ఎదురుచూస్తున్నారన్న ధ్యాసే లేకుండా నిలబడింది.

పైకి వచ్చేసరికి గదినిండా జనం. సెక్రటరీ గారు టీ తాగేసి మళ్ళీ తాగుతున్నారు. భర్త కాలరు సవరించుకుంటూ ఎదురొచ్చి, "అంతసేపేంటి? చీరకి ఆ దుమ్మేంటి?" అన్నాడు గొంతు తగ్గించి.

ఆమె కుర్చీలో కూర్చుంది. డిప్యూటీ రెండు కాగితాలు ముందు పెట్టాడు. "ఇది చార్జి తీసుకున్నట్టు మేడం. ఇది లీవుకి. రెంటికీ కింద సంతకం చేస్తే చాలు."

ఆమె మొదటి దాని మీద సంతకం చేసింది. రెండోదాన్ని అతని వైపు జరిపింది. "ఇది అక్కర్లేదు. రేపు పదింటికి వైద్యం సెక్షన్ వాళ్ళని నా గదికి రమ్మనండి. మీరూ ఉండండి."

డిప్యూటీ ఆమె భర్త వంక చూశాడు. ఆయన ఆమె వంక చూశాడు.

"మరి అమ్మాయి?" అన్నాడు, నలుగురూ ఉన్నారని పళ్ళ మధ్య నుంచే.

"అది ఫోన్లో, 'ఎవరో ఒకరు రండి, భయంగా ఉంది' అంది, అంతే. అమ్మే రావాలన్నది మీరు. అమ్మాయి దగ్గరికి మీరు వెళ్ళండి. నాకు ఇక్కడ పనుంది."

"పురిటికి నేనా? నాకేం తెలుసని?"

"అంతా పుస్తకాల్లో ఉంది," అంది ఆమె కలానికి మూత పెడుతూ. "కాకపోతే ఇంటికివ్వం. రేపు రీడింగ్ రూము తెరిచేసరికి వచ్చి, కూర్చుని రాసుకోండి."